చికిత్సకు మూడవ పాదము



ఇంట నెవరికైనను జబ్బు చేసినచో మొదట మేలుకొనునది గృహిణి. చివర నిద్రించునదియు గృహిణియే. నుదుటిపై చేయి వైచి జ్వరమును గుర్తించునది, పోపుల పెట్టె తెఱచి శొంఠినో వామునో వెదకునది, వైద్యునికి గబురంపవలెనా తెల్లవారు వఱకు వేచి చూడవలెనా యని నిర్ణయించునది మనమే. అట్టి నిర్ణయ మొకటి నేను తప్పుగా జేసితిని. కొంచెములో గట్టెక్కితిని. ఆ సంగతి చెప్పి, మన ప్రాచీన వైద్యశాస్త్రము రోగి చెంత నుండువారికిచ్చిన స్థాన మెట్టిదో, దానికి దగినట్లు మన మేమి తెలిసికొనవలెనో మనవి చేయుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

నేను బడిలో జదివినది స్వల్పము. మా నాయనగారు ఇంటి యరుగుపై గూర్చుండబెట్టి నాకు అమరమును, కావ్యములను జెప్పిరి. వారి పుస్తకముల పెట్టెలో చరకసంహితయు, వాగ్భటుని అష్టాంగహృదయమును, మన తెలుగు వైద్యులు తరతరములుగా గాపాడుకొనిన బసవరాజీయమును నుండెడివి. కథలు చదివినంత యాసక్తితో వానిని జదివితిని. పెండ్లియై వచ్చిన పిదప "పంతులుగారి భార్యకు వైద్యము తెలియునట" యని యిరుగుపొరుగువారు వచ్చి, దగ్గునకో అజీర్తికో సలహా లడుగుచుండిరి. నేనును శొంఠి కషాయమో వాము నీరో చెప్పి పంపుచుంటిని. అందువలన నాకు గొంత గర్వము గూడ గలిగెనని యొప్పుకొనక తప్పదు.

మూడేండ్ల క్రిందటి మాట. ఏప్రిల్ నెల. మా వారు పదవ తరగతి జవాబు పత్రములు దిద్దుటకై జిల్లా కేంద్రమునకు బోయియుండిరి. ఇంట నేనును, మా అత్తగారును, పదునాలుగు నెలల మా చిన్నవాడును ఉంటిమి. ఒకనాటి ప్రాతఃకాలమున వానికి నీళ్ల విరేచనములు మొదలైనవి. మధ్యాహ్నమునకు వాంతులును దోడైనవి. మా అత్తగారు నలుగురు బిడ్డలను గని పెంచిన యనుభవశాలిని. ఆమె, "అమ్మాయీ, లంఖణము పరమౌషధ మన్నారు గదా! త్రాగినదెల్ల బయటికే పోవుచున్నది. కడుపునకు గొంత విశ్రాంతి యిమ్ము. పాలు, నీళ్లు ఆపి చూడుము" అనిరి. నేనును సరే యంటిని. లంఘనమును గూర్చి శాస్త్రములో జదివినదాననే గదా! జాజికాయ నరగదీసి రెండు మార్లు నాకించితిని. వాడు కక్కివైచెను. సాయంకాలమునకు విరేచనములు తగ్గినట్లు తోచినవి. వాడు మాగన్నుగా బడియుండెను. "మందు పట్టినది" యని సంతోషించితిని. అది మందు పట్టుట గాదు, బిడ్డ యొడలిలోని నీరింకిపోవుట యని నాకు దెలియలేదు.

దీపాల వేళకు మా అత్తగారికే మనసొప్పక, వీథి చివర నున్న వృద్ధ వైద్యులకు గబురంపిరి. వారిది వంశపారంపర్యముగా వచ్చిన ఆయుర్వేద వైద్యము. వారు వచ్చి కూర్చుండి, "అమ్మా, ఉదయమునుండి యెన్ని విరేచనములైనవి? కడపట మూత్రమెప్పుడు పోసినాడు? ఏడ్చినప్పుడు కన్నీరు వచ్చుచున్నదా?" అని యడిగిరి. ఒక్కదానికైనను నేను సరియైన జవాబు చెప్పలేకపోతిని. వారు బిడ్డ పొట్టమీది చర్మమును రెండు వ్రేళ్లతో బట్టి విడిచిరి. ముడుత వెంటనే సర్దుకొనలేదు. నాలుక జూచిరి, ఎండియున్నది. వారు తమ మందుల పెట్టె తెఱవనైన దెఱవలేదు. "తల్లీ, ఇది నా పెట్టెలోని మందుతో ఆగునది కాదు. ఆసుపత్రిలో సూదితో నీరెక్కింపవలెను. ఇప్పుడే బండికి ఫోను చేయుము. దారి పొడుగునను, మ్రింగగలిగినంత వఱకు చెంచాతో నీళ్లు పోయుచునే యుండుము" అనిరి.

నూట యెనిమిది బండి వచ్చినది. ప్రభుత్వాసుపత్రిలో రాత్రియంతయు వానికి సెలైను ఎక్కించిరి. తెల్లవారుజామున వాడు మూత్రము పోసి, పాలకై యేడ్చెను. ఆ యేడ్పున కన్నీరు వచ్చినది. దానిని జూచి నేనును గన్నీరు గార్చితిని.

ఇంటికి వచ్చిన పిదప సిగ్గుతో చరకసంహితను మరల దెఱచితిని. సూత్రస్థానమందలి తొమ్మిదవ యధ్యాయమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. వైద్యుడు మొదటి పాదము, ఔషధము రెండవది, పరిచారకుడు మూడవది, రోగి నాలుగవది. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు, వెరసి పదునాఱు. వైద్యునికి శాస్త్రజ్ఞానము, పలుమార్లు కర్మలను జూచిన యనుభవము, నేర్పు, శుచిత్వము నుండవలెను. ఔషధము సమృద్ధిగాను, రోగమునకు దగినదిగాను, పలు విధముల గల్పించుటకు వీలైనదిగాను, సారవంతముగాను ఉండవలెను. పరిచారకునికి ఉపచారము తెలియుట, దక్షత, అనురాగము, శౌచము కావలెను. రోగికి జ్ఞాపకశక్తి, వైద్యుడు చెప్పినట్లు నడచుకొనుట, ధైర్యము, తన బాధను విడమఱచి చెప్పగల శక్తి యుండవలెను. వీరిలో వైద్యుడే ముఖ్యుడైనను, మిగిలిన మూడు పాదములు లేక యతనికిని సిద్ధి లేదు.

మన యిండ్లలో నా మూడవ పాదము గృహిణియే యని వేఱుగ జెప్పనక్కఱలేదు. కాని నాకు గ్రొత్తగా దోచిన విషయము మఱియొకటి కలదు. చంటిబిడ్డకు జ్ఞాపకము లేదు. తన బాధ జెప్పుకొను మాటయు లేదు. అనగా బిడ్డకు జబ్బు చేసినపుడు నాలుగవ పాదపు భారము గూడ తల్లిపైనే పడును. బిడ్డకు బదులుగా జ్ఞాపకముంచుకొనవలసినదియు, వైద్యునికి జెప్పవలసినదియు నామెయే. ఆనాడు వైద్యులవారు అడిగిన మూడు ప్రశ్నలకు నేను నోరు మెదపలేకపోయినపుడు రెండు పాదములు కుంటుపడినవి. ఈ విషయము పూర్వుల కెఱుకయే. కాశ్యపసంహిత కేవలము బాలవైద్యమునకై యేర్పడిన గ్రంథము. నేపాళమున దొరకిన శిథిల తాళపత్ర ప్రతి యాధారముగా నది 1938లో అచ్చయినది. మాటలు రాని బిడ్డ బాధను జేష్టలను బట్టి గుర్తించుట కందులో నొక ప్రత్యేకాధ్యాయమే కలదు. చెవి నొప్పియైనచో బిడ్డ చేతులతో చెవులను దాకుచుండును. తల నొప్పియైనచో తల నటునిటు దొర్లించుచు గన్నులు మూసికొనును. ఇట్టివి చూచి కనిపెట్టవలసినది బిడ్డను విడువక యుండు తల్లియే గదా!

లంఖణపు సంగతియు మరల జూచితిని. నేను జదివినది సగమే. లంఘనము చెప్పిన శాస్త్రకారులే బాలురకు, వృద్ధులకు, గర్భిణులకు, దుర్బలులకు నది తగదనియు జెప్పియున్నారు. సామెతయందు శాస్త్రముయొక్క మొదటి సగమే మిగిలినది. మినహాయింపు మఱుగుపడినది. దోషము శాస్త్రముది గాదు. సగము చదివి మొత్తము తెలిసినదనుకొనిన నాది.

ఇక పరిచారకుని నాలుగు గుణములను నేటి జ్ఞానముతో గలిపి విచారింతము.

మొదటిది ఉపచారము తెలియుట. విరేచనములైన బిడ్డను గాపాడునది ముఖ్యముగా నీరు, ఉప్పు, చక్కెర. 1971లో బంగ్లాదేశ విమోచన యుద్ధకాలమున పశ్చిమ వంగరాష్ట్రమందలి బనగావ్ శరణార్థి శిబిరమున గలరా చెలరేగినది. నరములోనికెక్కించు సెలైను సీసాలు నిండుకొనినవి. అప్పుడు దిలీప్ మహలనబిస్ అను వైద్యులు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని పీపాలలో నింపించి త్రాగించిరి. త్రాగించినవారెవరు? నర్సులు చాలనందున రోగుల బంధువులే. తల్లులు, అక్కలు, భర్తలు. శిబిరమున నూటికి సుమారు 30 గా నున్న మరణములు 4 కు లోపు తగ్గినవి. 2023లో నా వైద్యునికి మరణానంతరము పద్మవిభూషణ బిరుదమిచ్చిరి. మూడవ పాదమునకు గల బలమును జూపుట కింతకంటె నుదాహరణము నే నెఱుగను.

ఆ ద్రవము నేడు ఓ.ఆర్.ఎస్. పొట్లముల రూపమున అంగన్‌వాడీలలోను, ఆరోగ్య కేంద్రములలోను దొరకును. పొట్లముపై వ్రాసిన కొలత తప్పక పాటింపవలెను. పెద్ద పొట్లమును ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో బూర్తిగా గలుపవలెను. సగము పొట్లము, గ్లాసెడు నీళ్లు అను లెక్క పనికిరాదు. పొట్లము లేనిచో ఒక లీటరు నీటికి 6 చిన్న చెంచాల చక్కెరయు, అరచెంచా ఉప్పును, చెంచా అంచునకు సమముగా గొలిచి కలుపవచ్చును. ఉప్పు హెచ్చినచో హాని. 24 గంటలు దాటిన నీటిని బాఱబోయవలెను. రెండేండ్ల లోపు బిడ్డకు ప్రతి విరేచనము పిమ్మట పావు కప్పు మొదలు అరకప్పు వఱకు చెంచాతో మెల్లమెల్లగా బోయవలెను. కక్కినచో పది నిమిషము లాగి, మరల నింకను మెల్లగా మొదలిడవలెను. తల్లిపాలు ఆపరాదు. ఆఱు నెలలు దాటి అన్నము తినుచున్న బిడ్డకు మెత్తని యన్నము, పెరుగు, అరటిపండు మానిపింపరాదు. జింకు మందును గూడ వైద్యులు 14 దినము లిత్తురు. విరేచనములు కట్టినవని మధ్యలో మానరాదు.

ఇచ్చట నొక హెచ్చరిక. ఓ.ఆర్.ఎస్. అను పేరు పెట్టుకొని పండ్లరసముల వంటి తీపి పానీయములు చాలకాలము దుకాణములలో నమ్ముడుపోయినవి. వానిలో చక్కెర మితిమీఱి యుండుటచే విరేచనము లధికమగును. హైదరాబాదునందలి శిశువైద్యురాలు శివరంజని సంతోష్ గారు దీనిపై ఏండ్ల తరబడి పోరాడిరి. తుదకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అట్టి పానీయములపై నా పేరు వాడరాదని యాజ్ఞాపించినది. ఒక స్త్రీ పట్టుదల దేశమందలి తల్లులకెల్ల మేలు చేసినది. మనము చేయవలసినదెల్ల పొట్లముపై వ్రాసినది చదివి కొనుటయే.

రెండవ గుణము దక్షత. అనగా సమయము తప్పకుండుట. ఈ గుర్తులలో నేదేని కనబడినచో ఇంటి మందులు కట్టిపెట్టి ఆసుపత్రికి బోవలెను: కన్నులు లోతునకు బోవుట, నాలుక యెండుట, ఏడ్చినను గన్నీరు రాకుండుట, ఆఱు గంటలైనను మూత్రము లేకుండుట, చర్మపు ముడుత మెల్లగా సర్దుకొనుట, విరేచనమున రక్తము, త్రాగలేకపోవుట, బిడ్డ మందకొడిగా బడియుండుట. ఈ కడపటి గుర్తునే నేను "హాయిగా నిద్రించుచున్నాడు" అని పొరబడితిని.

మూడవది అనురాగము. ఇది మనకొకరు నేర్పవలసినది గాదు. అయినను ఒక్క మాట. బిడ్డపై గల ప్రేమ మన పంతముకంటెను, పెద్దల మాట కాదనుటకు గల జంకుకంటెను పెద్దదై యుండవలెను. మా అత్తగారు తమ మాట తామే మార్చుకొని వైద్యులకు గబురంపిరి. ఆ సాయంకాలమున మా యిద్దఱిలో ఎక్కువ అనురాగము చూపినది వారే యని నేను సంతోషముతో జెప్పుదును.

నాలుగవది శౌచము. చేతులు సబ్బుతో గడుగుకొనుట, నీరు కాచుట, గిన్నెలపై మూతలుంచుట అందఱు నెఱిగినవే. నేను శౌచమను మాటను ఔషధమునకు గూడ నన్వయింతును. "మూలికయే గదా, చేయకున్న మేలు, చేసినను హాని లేదు" అని మనవారందురు. ఇది నిజము గాదు. సర్పగంధ మన పూర్వు లెఱిగిన మూలిక. 1949లో బొంబాయి వైద్యులు రుస్తుం జాల్ వకీల్ గారు రక్తపు పోటునకు దాని గుణమును ఆంగ్ల వైద్యపత్రికలో బ్రకటించిరి. 1952లో దానినుండి రిసర్పిన్ అను సారమును వేఱుచేసిరి. ప్రపంచమంతయు దానిని వాడినది. పిదప గొందఱు రోగులకు మనోవ్యాకులత గలుగుట వైద్యులు గమనించిరి. రోగమును మార్చగల బలమున్న మూలికకు హాని చేయగల బలమును ఉండును. కరోనా దినములలో ఇంటింట తిప్పతీగ కషాయము కాచిరి. 2021లో ముంబయి వైద్యులు కొందఱు, అది త్రాగినవారిలో గొందఱికి కాలేయము చెడినదని వ్రాసిరి. ఆయుష్ మంత్రిత్వశాఖ దానికి సమ్మతింపలేదు. ఎట్లైనను దీర్ఘకాలము కషాయములు త్రాగువారు వైద్యునితో జెప్పి త్రాగుట మంచిదనుటకు వాదము లేదు.

పాదరసము, సీసము మొదలగువానితో జేయు రసౌషధముల విషయమున నింకను జాగరూకత వలయును. 2008లో అమెరికా దేశపు పరిశోధకులు అంతర్జాలమున దెప్పించిన 193 ఆయుర్వేద మందులను బరీక్షింపగా, సుమారు అయిదింట నొకదానిలో సీసము, పాదరసము, ఆర్సెనిక్కులలో నేదో యొకటి యుండెను. గర్భిణులకును బిడ్డలకును సీసము మిక్కిలి చెఱుపు చేయును. కావున చీటీ లేని భస్మమును, తయారుచేసినవారి లైసెన్సు సంఖ్య లేని మాత్రను, "ఎవరికో తగ్గినదట" యని కొనరాదు. మధుమేహము, క్యాన్సరు మొదలగు రోగములను మాన్పెదమని ప్రకటనలు వేయుటను 1954 నాటి చట్టమొకటి నిషేధించుచున్నది. అట్టి ప్రకటన కనబడినచో అది మందుకంటె ముందు చట్టమునే మీఱినదని గ్రహింపుడు.

తేనె సంగతియు జెప్పవలెను. పుట్టిన బిడ్డకు తేనె నాకించుట మన యాచారములలో నున్నది. కాని యేడాది నిండని బిడ్డ ప్రేవులలో తేనెయందలి యొక సూక్ష్మజీవి మొలకెత్తి విషమును బుట్టింపగలదని యిప్పుడు తెలిసినది. మొదటి పుట్టినరోజు వఱకు తేనె వలదు. ఆ పిదప దగ్గునకు చెంచాడు తేనె మంచి యుపశమనమే.

ఇంత చెప్పుటచే నేను ఆయుర్వేదమును విడిచితినని తలంపవలదు. వేళకు నిద్ర, ఋతువునకు దగిన యాహారము, ఆకలి యెఱిగి తినుట, వ్యాయామము, మనసును నెమ్మదిగా నుంచుకొనుట అను దినచర్యను మా యింట నేటికిని బాటింతుము. అజీర్తికి వాము, గొంతునకు మిరియాల పాలు నేటికిని మా వంటింటినుండియే వచ్చును. వైద్యులను సంప్రదింప దలచినచో విజయవాడ, హైదరాబాదు, వరంగల్లులందు ఆయుర్వేద కళాశాలలున్నవి. హైదరాబాదున చార్మినారు చెంత యునానీ వైద్యాలయమును గలదు. అచ్చట జదివిన వైద్యు లున్నారు. ఏ వైద్యునొద్దకు బోయినను, రెండవ వైద్యుడిచ్చిన మందులనుగూడ దాచక చూపుడు. ఇంగ్లీషు వైద్యునివద్ద కషాయమును, ఆయుర్వేద వైద్యునివద్ద మాత్రలను మఱుగుపఱచుట మనలో మిక్కిలి వాడుక. అది రెండు మందులు నొడలిలో గలహించుటకు దారి తీయును.

మంచి వైద్యుని గుర్తింప నాకు దెలిసిన పరీక్ష యొక్కటే. చరకుడు సాధ్యములైన రోగములను, అసాధ్యములను వేఱుచేసి చెప్పెను. తన చేతికి సాధ్యము కానిదానిని కాదని వెంటనే చెప్పగలవాడే మంచి వైద్యుడు. పెట్టె తెఱవకయే మా బిడ్డను బ్రదికించిన యా వృద్ధులకు నేను జీవితాంతము ఋణపడియున్నాను.

తుదకొక చిన్న మనవి. వంటింటి గోడకు చిన్న పుస్తకమును, పెన్సిలును గట్టి యుంచుడు. బిడ్డకు గాని, పెద్దలకు గాని జబ్బు చేసినపుడు జ్వరమెంత, ఎన్ని విరేచనములు, కడపట మూత్రమెప్పుడు, ఏ మందు ఏ వేళ నిచ్చితిరి యని గంటతో సహా వ్రాయుడు. వైద్యుడడిగినపుడు నాలాగు తలవంచుకొని నిలువవలసిన యవసరముండదు. మా యింట నా పుస్తకములో మా వారి చేవ్రాలుకంటె మా అత్తగారి చేవ్రాలే యెక్కువ. ఓ.ఆర్.ఎస్. పొట్లములు రెండు తెచ్చి, పోపుల పెట్టెలో వాము ప్రక్కన నుంచినవారును వారే.